పంచేవాడి అక్క

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని సామెత. ఆ సామెత కట్టినవాడు హకాయా పెదనాన్న ఇంట్లో ఒక్క నెల తిని ఉంటే నోరు మూసుకునేవాడు. మా దీవిలో చేపలు పంచే పని ఆయనది. పంచేవాడి ఇల్లు కాబట్టి ఆఖరి కుప్ప మాది. కుప్పలన్నిట్లోకీ చిన్నది కూడా మాదే. నలిగినవీ, సొరచేప కొరికి వదిలినవీ ఏరి మా కుప్పలో పడేసేవాడు. లెపెకా పెద్దమ్మ వాటిని శుభ్రం చేస్తూ, "మీ పెదనాన్న ధర్మాత్ముడు నాయనా. సొరచేప ఎంగిలి వేరే ఎవరికీ పెట్టడు" అనేది.

పసిఫిక్ సముద్రం నడుమ, టోకెలావులో మా దీవి ఎంతంటే, ఒక కొసన దగ్గితే రెండో కొసన కషాయం కాస్తారు. విమానం దిగదు. ఓడ గట్టుకి రాదు, పగడపు దిబ్బ అవతలే ఆగుతుంది, సరుకు కోసం పడవలేసుకుని మేమే ఎదురెళ్ళాలి. ఇలాంటి చోట బతకాలంటే ఉన్నది పంచుకు తినడం తప్ప గతి లేదు. మా పెద్దలు దాన్ని ధర్మం అంటారు. నేను గతి అంటాను. మా మాటలో దాని పేరు ఇనాతి. ఊరి మగవాళ్ళు కలిసి వేటకు వెళ్ళిన రోజు, చేప ఎవరి గాలానికి పడినా ఊరందరిదీ. పడవలు ఒడ్డుకి రాగానే ఒక మనిషి "ఇనాతి, ఇనాతి" అని అరుచుకుంటూ ఇళ్ళ మధ్య నుంచి పోతాడు. బుట్టలు పట్టుకుని జనం వస్తారు. కొబ్బరాకుల మీద చేపలు పరిచి ఉంటాయి. కుటుంబానికో కుప్ప, తలకో వంతు. పాలు తాగే పసివాడికీ వంతే, మంచం పట్టిన ముసలికీ వంతే, నిన్న ఓడ దిగిన కొత్త పంతులుకీ వంతే.

పంపకానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. పిలిచే దాకా కుప్ప ముట్టకూడదు. ఆఖరి కుప్ప లేచేదాకా ఎవరూ ఇంటికి కదలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నా వంతేదని ఎవరూ అడగకూడదు. అడిగితే పంచేవాడి మొహాన ఉమ్మినట్టే.

పెదనాన్న పంచుతుంటే చూడ్డానికి బాగుండేది, ఒప్పుకోవాలి. పొడుగాటి మనిషి, కాస్త ముందుకు వంగి కుప్పల మధ్య కొంగలా నడిచేవాడు. చేపని తోక పట్టి ఎత్తి, ఒక్క క్షణం చేతిలో ఊగనిచ్చి, వెయ్యవలసిన కుప్ప మీదికి విసిరేవాడు. మాట్లాడేవాడు కాదు, నవ్వేవాడు కాదు. ఎవరైనా నవ్వితే మాత్రం ఆయన మెడ వెనక నరం బిగిసేది.

దానికి కారణం ఊరందరికీ తెలుసు. వాళ్ళ నాన్న కూడా పంచేవాడే. ఒకసారి తాబేలు కోసినప్పుడు మంచి కొవ్వు ముక్క ఒకటి తన ఇంటివాళ్ళ కుప్ప వైపు జారిందట. జారిందో, జార్చాడో దేవుడికి తెలియాలి. మా వాళ్ళు కొట్టరు, తిట్టరు, పాట కడతారు. తాబేలుకి దారి తెలుసు, ముసలాడి గడప తెలుసు అని ఏదో కట్టారు. ముసలాయన పోయి ఎంత కాలమైనా పండగ రోజు చెక్క పెట్టెల మీద దరువేస్తూ ఆ పాట ఎత్తుకుంటూనే ఉన్నారు. చిన్నప్పుడు పెదనాన్న కూడా వరసలో నిలబడి, పూలదండ వేసుకుని, తండ్రిని వెక్కిరించే పాటకి చేతులు ఊపుతూ ఆడాడు. ఆడకపోతే ఇంకా నవ్వుతారు కదా. సొరచేప ఎంగిలి మా ఇంటికి రావడానికి కారణం ధర్మం కాదు, ఆ పాట.

ఆయనకి ఒక అక్క ఉంది. లుహియా అత్త. మా దగ్గర ఆడది ఇంట్లో ఉంటుంది, మగవాడు దారి పడతాడు అంటారు. పెళ్ళయ్యాక మగవాడే భార్య ఇంటికి వెళ్తాడు. అలా పెదనాన్న మా అమ్మ అక్కని చేసుకుని మా ఇంటికి వచ్చాడు, పుట్టిల్లు లుహియా అత్తకి మిగిలింది. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్ళు ఒక కప్పు కింద కూర్చోరు. తమ్ముడు ఎదురొస్తే అక్క దారి తప్పుకుంటుంది. అక్క చెవిన పడేలా తమ్ముడు మోటు మాట అనకూడదు, తమ్ముడి ఎదుట అక్క గురించి ఎవరూ మోటు మాట అనకూడదు. అక్కకి ఏం కావాలో తమ్ముడు కనిపెట్టి ఇవ్వాలి. అక్క నోరు తెరిచి అడగవలసి వచ్చిందంటే ఆ తమ్ముడు మొహం దాచుకోవాలి.

లుహియా అత్త భర్త పెతెలో మామ పోయాడు. పిల్లలు లేరు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటి వంతు ఆయన తరఫు వాళ్ళ కుప్పలో వచ్చేది. సంతాపం రోజులు గడిచాక పెద్దల సభలో తోమాసి తాత మాట ఎత్తాడు. సభలో ఆయన మాటే ఆఖరు.

"లుహియా ఒక్కతే అయింది. ఇకనుంచి ఆవిడ తల తమ్ముడి కుప్పలో లెక్క. ఏమంటావు హకాయా?"

"నేననేదేముంది?" అన్నాడు పెదనాన్న.

సభలో ఆడవాళ్ళుండరు. ఆయన ఇంటికొచ్చి పెద్దమ్మతో ఆ మాట చెప్పలేదు. ఇందులో చెప్పేదేముంది అనుకున్నాడు.

తర్వాత వేట రోజు ఆయన మా కుప్ప మీద ఒక చేప ఎక్కువ వేశాడు. నిగనిగలాడే చేప, కొరుకుడు లేదు. పడవ అంచున ఇహాకో కూర్చున్నాడు. మంచి వేటగాడు, మంచి నోరు కూడా. ఊళ్ళో సగం పాటలు అతను కట్టినవే.

"ఇదేంట్రోయ్, పంచేవాడి కుప్పకి కడుపొచ్చింది" అన్నాడు.

జనం నవ్వారు.

"ఈ వయసులో ఎవరి పుణ్యమో" అన్నాడు ఇంకెవడో.

ఇంకా గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను, నాకు సభ సంగతి తెలియదు.

అది అక్క వంతురా అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కడుపు మాట, ఎవరి పుణ్యమో అన్న మాట అప్పటికే గాలిలో ఉన్నాయి. ఆ మాటల పక్కన అక్క పేరు తెచ్చి పెట్టడం మా దగ్గర ఏ తమ్ముడూ చేయలేడు. పెదనాన్న మెడ నరం బిగిసింది. చేపని తోక పట్టి ఎత్తి పక్క కుప్ప మీదికి విసిరేశాడు. మా కుప్ప ఎప్పటిలా చిన్నదైంది. ఇంట్లో ఆడవాళ్ళు చూసుకుంటారులే, ఉన్నదాంట్లోంచి లెపెకా పంపుతుంది అనుకున్నాడు. ఆ తర్వాత ప్రతి వేటకీ అలాగే అనుకున్నాడు.

లెపెకా పెద్దమ్మ ఏమనుకుంది? వదిన వంతు ఎప్పటిలా పెతెలో వాళ్ళ కుప్పలో వెళ్తోంది అనుకుంది. పెతెలో వాళ్ళు తమ్ముడి కుప్పలో వెళ్తోంది అనుకున్నారు. దగ్గితే వినపడే దీవి ఇది. ఒక ముసలావిడ ఇంటి పొయ్యిలో చేప వాసన రావడం లేదని ఎవరి ముక్కుకీ తెలియలేదు. పంచేవాడి అక్కకి ఏం తక్కువ అనుకుంటే ఇక ముక్కు పనిచేయదు.

లుహియా అత్త సహకార దుకాణంలో డబ్బా చేపలు కొనడం మొదలుపెట్టింది. అది మాత్రం అందరికీ తెలిసింది. దుకాణం దగ్గర ఆడవాళ్ళకి అంతకంటే మంచి కాలక్షేపం ఏముంది?

"లుహియాకి ముళ్ళు తీసుకునే ఓపిక లేదే."

"నాలిక నాగరికం నేర్చింది. పచ్చి చేప వాసన పడటం లేదట."

"సముద్రం నడుమ కూర్చుని డబ్బాలో సముద్రం కొనుక్కుంటోంది."

ఒకరోజు పెదనాన్న గాలపు తాడు కోసం వెళ్ళి, మెట్ల కింద నిలబడి, ఈ మాటలు విన్నాడు. తాడు కొనకుండా తిరిగొచ్చాడు. వచ్చి పెద్దమ్మని పిలిచాడు.

"మీ వదినతో ఒక మాట చెప్పు."

"ఏం మాట?"

"ఆ డబ్బాలు మానమను. పంచేవాడి అక్క డబ్బా చేప కొంటుంటే నేను పంచేది ఏమిటనుకుంటారు ఊళ్ళో?"

"ఆవిడ నోరు, ఆవిడ ఇష్టం."

"మొహం మాత్రం నాది" అన్నాడు.

పెద్దమ్మ సీమపనస కాయలు తీసుకుని వెళ్ళింది. బుట్ట మోయడానికి నేను వెళ్ళాను. లుహియా అత్త గుమ్మంలో కూర్చుని చాప అల్లుతోంది. చిక్కిందని నాకు అనిపించింది గానీ, మొగుడు పోయిన మనిషి కదా అనుకున్నాను. పెద్దమ్మ ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి అసలు మాట చెప్పింది. అత్త అల్లుతున్న పాయ మీద వేలు ఆపింది.

"తమ్ముడు అన్నాడా?"

"అన్నాడు వదినా. ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెలుసుగా. నువ్వేం అనుకోకు."

"అనుకోవడానికేముంది. వాడికి నా వల్ల తలవంపులు ఎందుకు? మానేస్తాలే."

పెద్దమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీల గురించి ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. లేవబోతుంటే అత్త అడిగింది. "ఈమధ్య వేట బాగా పడుతోందా?"

"ఎందుకు పడదు వదినా? నీకు తెలియందేముంది" అంది పెద్దమ్మ.

అత్త తల ఊపి మళ్ళీ అల్లుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆవిడ దుకాణంలో పిండీ, బిస్కట్లూ తప్ప ఏమీ కొనలేదు. ఇరుగుపొరుగు గిన్నె పంపితే, ఒంట్లో బాగాలేదని మూత తీయకుండా తిప్పి పంపేది. ఖాళీ గిన్నె తిరిగి పంపడం మా దగ్గర పద్ధతి కాదు, నింపడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు.

ఆ రోజుల్లోనే ఓడలో ఒక తెల్లాయన దిగాడు. ఇలాంటివాళ్ళు అప్పుడప్పుడూ వస్తారు. ఓడ తిరిగి వెళ్ళేలోపు మమ్మల్ని చూసి కన్నీళ్ళు పెట్టుకుని, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. మా బీదతనం అంటే వాళ్ళకి ఎంతో ఇష్టం. తడిసి ఉబ్బిన ఇంగ్లీషు పుస్తకాలు చదివి నేను నేర్చుకున్న మాటలతో దుబాసీ పని నాకు పడింది. పంపకం అంతా చూసి, ఎప్పుడైనా ఎవరికైనా వంతు లేకుండా పోయిందా అని పెదనాన్నని అడగమన్నాడాయన.

పెదనాన్న ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "మా నాన్న నాటి నుంచి ఈ దీవిలో వంతు రాని గడప లేదని చెప్పు" అన్నాడు.

చెప్పాను. తెల్లాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అక్కడి నుంచి చూస్తే లుహియా అత్త ఇంటి కప్పు కనిపిస్తుంది. ఆ మాటలు ఇప్పుడు ఏ దేశంలో ఏ గోడ మీద ఫొటో కింద రాసి ఉన్నాయో తలుచుకుంటే నాకు చెవులు కాలతాయి.

ఆ తర్వాత పిల్లి వచ్చింది.

పసుపుపచ్చ పిల్లి, తోక సగమే ఉంది. మా వంటపాక దగ్గర చేరి కదలనంది. పెద్దమ్మ చేప కోస్తుంటే కత్తి కిందికే తల పెడుతోంది. ఇహాకో గాలాలు బదులు అడగడానికి వచ్చి, కొబ్బరి మొద్దు మీద కూర్చుని, దాన్ని చూశాడు.

"పంచేవాడి ఇల్లని పిల్లికి కూడా తెలిసిపోయిందే. సిఫార్సుకి వచ్చినట్టుంది."

"ఈ ఇంటికి సిఫార్సుకొచ్చిన వెర్రి పిల్లి ఇదొక్కటే" అంది పెద్దమ్మ. "సొరచేప ఎంగిలి మీద మోజేమో. ఎవరిదయ్యా ఇది?"

"మీ వదినది కాదూ? ఆ ఇంటి చూరు కింద పడుకునేది ఇదే. పెతెలో ఉన్నప్పుడు గున్నలా ఉండేది."

పెద్దమ్మ చేప తలొకటి విసిరింది. పిల్లి దాన్ని తినలేదు, మింగింది. ఎముకలు గొంతులో అడ్డం పడుతున్నా మింగింది. వెన్నెముక పైకి తేలి ఉంది. పెద్దమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఇహాకో, వదిన వంతు ఎవరి కుప్పలో వస్తోంది?"

"మీ కుప్పలోనే. పెతెలో పోయాక సభలో అలా తేల్చారని తర్వాత విన్నాను." ఇహాకో నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాడు. మా కుప్ప ఎంత ఉంటుందో అతనికి తెలుసు. కడుపొచ్చిందన్నది అతనే. "మా ఇంట్లో పిలుస్తున్నట్టున్నారు" అని గాలాలు తీసుకోకుండానే లేచి వెళ్ళిపోయాడు.

పెదనాన్న కల్లు చిప్పలు పట్టుకుని వచ్చాడు. పెద్దమ్మ ఆయన్ని కూర్చోనివ్వలేదు.

"మీ అక్క వంతు మన కుప్పలో వేస్తున్నావా?"

ఆయన చిప్పలు ఒక్కొక్కటే కొయ్యకి తగిలించాడు. "నువ్వు పంపుతున్నావుగా."

"నేను పంపడమేంటి? ఆవిడ మన లెక్కలో ఉందని నాకు చెప్పిందెవరు?"

"చెప్పలేదా?"

"ఎప్పుడు చెప్పావు? ఎవరికి చెప్పావు? సముద్రానికి చెప్పావా?"

ఆఖరి చిప్ప ఆయన చేతిలోనే ఉండిపోయింది. "మరి ఇన్నాళ్ళూ ఏం తింది?"

"డబ్బా చేప తింది. నువ్వు మానిపించావు. నా నోటితో మానిపించావు" అంది పెద్దమ్మ.

ఆయన నిలబడ్డ చోటే చతికిలబడ్డాడు. పిల్లి వచ్చి మోకాలికి ఒళ్ళు రుద్దుకుంది. ఆయన దాన్ని తోయలేదు, నిమరలేదు.

పెద్దమ్మ పొయ్యి మీద చేప దించి, ఆకులో చుట్టి, తల దువ్వుకోకుండా అత్త ఇంటికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఆకు అలాగే ఆమె చేతిలో ఉంది. పెదనాన్న ఎదురుగా దాన్ని కింద పెట్టి, అత్త అన్న ప్రతి మాటా చెప్పింది. అడగకపోయినా చెప్పింది.

"ఇది మీ వంతు, నాది కాదు అంది. మీ కుప్పే చిన్నదట కదా, తీసుకెళ్ళి మీరు తినండి అంది. పెతెలో పోయాక ఊరు తన పేరు కొట్టేసిందనుకుందట. ఏం తప్పు చేశానా అని కూర్చుని పుట్టిన దగ్గర్నుంచీ వెతుక్కుందట. ఏ పనీ చేయకూడని ఆదివారం నాడు ఒకసారి గాలికి పడ్డ కొబ్బరాకులు ఏరిందట, ఎవరో చూసి పెద్దలకి చెప్పారేమో, అదే అయ్యుంటుంది అనుకుందట."

పెదనాన్న చేతిలో ఉండిపోయిన చిప్పని పక్కన పెట్టాడు.

"తమ్ముణ్ణి అడగొచ్చుగా వదినా, నాతో అనొచ్చుగా అన్నాను. పంచేది వాడే కదా, వాడికి తెలియకుండా ఉంటుందా అంది. పెద్దలు వద్దన్నారు, వాడు కాదనలేక ఊరుకున్నాడు, నేను అడిగితే వాడు నలిగిపోతాడు అంది." పెద్దమ్మ ఆకుని ఆయన వైపు జరిపింది. "నువ్వు నలిగిపోతావట."

ఆయన లేచి ఇంటి వెనక్కి వెళ్ళాడు. పందుల దొడ్డి దగ్గర, మనుషులు నిలబడని చోట, పొద్దు గూకేదాకా నిలబడ్డాడు. వెళ్ళి అక్క కాళ్ళ మీద పడొచ్చుగా అని నేను పెద్దమ్మతో అన్నాను. పెద్దమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. తమ్ముడు ఆ ఇంటి కప్పు కిందికి వెళ్ళకూడదు. వెళ్ళినా ఆకలి అన్న మాట అక్క ముందు ఎత్తకూడదు. తప్పు చేయడానికి అడ్డురాని కట్టుబాట్లన్నీ దిద్దుకోవడానికి అడ్డొచ్చాయి.

మళ్ళీ వేట పడింది. మంచి వేట, చేపలు కొబ్బరాకుల మీద పట్టక ఇసక మీదికి జారుతున్నాయి. పెదనాన్న కుప్పలు వేశాడు. చెయ్యి ఎప్పటిలా ఊగలేదు, ఒకే చేపని రెండుసార్లు ఎత్తి దించడం చూశాను. అన్నీ వేశాక, కొసన, ఎప్పుడూ మా కుప్ప ఉండే చోటుకి కాస్త ఎడంగా ఇంకో కుప్ప వేశాడు. ఏరి ఏరి వేశాడు. అది చూస్తే ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంటి కుప్పలా ఉంది. మా చోట ఏమీ లేదు.

పిలుపులు మొదలయ్యాయి. ఒక్కో కుటుంబం పేరు, ఒక్కో కుప్ప లేవడం. అంతా అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"లుహియా" అన్నాడు.

మా ఒడ్డున కుటుంబం పేరే పిలుస్తారు, ఒంటి మనిషి పేరు పిలవరు. పైగా తమ్ముడి నోట అక్క పేరు అలా బయట పడటం ఎవరూ వినలేదు. బుట్టలు సర్దుకుంటున్న చేతులు ఆగాయి. ఇహాకో తల దించుకుని కాలి గోళ్ళు చూసుకుంటున్నాడు. అప్పటికి సంగతి ఊరంతా పాకింది. ఆ ఒక్క ముక్కలో పెదనాన్న ఒప్పుకోవలసిందంతా ఒప్పుకున్నాడని అందరికీ తెలుసు.

ఎవరూ రాలేదు. ఆయన మళ్ళీ పిలిచాడు. ఆఖరి కుప్ప లేచేదాకా కదలకూడదు కాబట్టి ఊరంతా ఎండలో నిలబడింది. ఈగలు చేరాయి. ఒక ముసలావిడ కొబ్బరాకుతో వాటిని తోలబోయి, తన కుప్ప కాదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

లుహియా అత్త వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్ల బట్టలు కట్టుకుంది. కొత్తగా అల్లిన చిన్న బుట్ట, అందులో ఒక్క చేప పడితే ఎక్కువే. తమ్ముడి వైపు చూడకుండా కుప్ప వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, కొబ్బరిచెట్టు నీడలో కూర్చున్న తోమాసి తాత వైపు తిరిగింది.

"తాతా, ఇది ఒక్క మనిషి వంతా?"

తోమాసి తాత కర్ర మీద గడ్డం ఆనించుకుని ఉన్నాడు. "పంచేవాడు వేశాడు. నీదేనమ్మా."

"నేను ఒక్కదాన్నే. వంతంటే వంతే" అంది. వంగి, పెద్దదీ కాదు చిన్నదీ కాదు, ఒక చేప తీసి బుట్టలో పెట్టుకుంది. "మిగతాది ఎవరిదో వాళ్ళని పిలవమనండి. ఎండకి పాడైపోతుంది."

అని, నిలబడింది. ఆఖరి కుప్ప లేవందే ఆవిడ కూడా కదలకూడదు కదా.

పెదనాన్న ఇచ్చినదంతా ఆవిడ మెల్లిగా తిరిగి ఆయన ముందే పెట్టింది. తన ఇంటి వంతు మొత్తం అక్కకి వేస్తే లెక్క సరిపోతుందనుకున్నాడు. అది కూడా తప్పు పంపకమే. ఊరంతా చూస్తుండగా, అక్క చూస్తుండగా, ఆయన నోరు తెరిచి మా ఇంటి పేరు పిలిచాడు. రెండోసారి పిలిస్తే గానీ వినపడలేదు. పెద్దమ్మ వెళ్ళి బుట్ట నింపుకుంది. ఒక చేప జారితే ఇహాకో వచ్చి ఎత్తి ఇచ్చాడు.

ఆ సాయంత్రం పెదనాన్న పెద్దల సభకి వెళ్ళి, ఈ పని ఇంకెవరికైనా ఇవ్వమన్నాడు. లోపల జరిగింది తర్వాత ఆయనే పెద్దమ్మకి చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు.

తోమాసి తాత అడిగాడట. "పంచడం రాక తప్పు చేశావా, నవ్వుతారని చేశావా?"

"నవ్వుతారని."

"అయితే నువ్వే పంచు. నవ్వేవాళ్ళు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంటారు." మళ్ళీ అన్నాడట. "ఆఖరి కుప్ప తీసుకోవడం గొప్ప అనుకున్నావు ఇన్నాళ్ళూ. ఆ గొప్ప ఇకనుంచి మీ అక్కకి ఇవ్వు. మీ ఇంటి పేరు అందరి మధ్యా పిలువు. ఆవిడ పేరు ఆఖరున పిలువు. ఒంటి పేరే పిలువు."

పిల్లి మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. పెద్దమ్మ దాన్ని చంకన పెట్టుకుని అత్త ఇంట్లో వదిలి వచ్చేది. ఆమె కంటే ముందే అది మా పొయ్యి దగ్గరికి చేరేది. అత్త నవ్విందట. "వెళ్ళినదాన్ని వెళ్ళనీ. దాని తప్పేముంది?" అందట. పెదనాన్న మాత్రం ఆ పిల్లి ఉన్న వైపు కూర్చోడు.

మా కుప్ప ఇప్పుడు అందరి కుప్పల్లాగే ఉంటుంది. కొరుకుడు చేపలు అందరికీ సమంగా వస్తున్నాయి. ఇహాకో ఆ సంగతి మీద పాట కట్టలేదు. ఎవరూ కట్టలేదు. పండగ రోజు పాత తాబేలు పాట ఎత్తుకోబోయి కూడా, పెదనాన్న వరసలో ఉండటం చూసి వేరే పాటలోకి మళ్ళించారు. వాళ్ళు నవ్వి ఉంటే ఆయన బతికిపోయేవాడు. ఆయన ఎదుట ఎవరూ నవ్వడం లేదు.

వేట పడినప్పుడల్లా అన్ని కుప్పలూ లేచాక ఒక చేప మిగులుతుంది. పెదనాన్న అక్క పేరు పిలిచి ఇసక వైపు చూస్తూ నిలబడతాడు. ఊరంతా బుట్టలు పట్టుకుని నిలబడుతుంది. లుహియా అత్త దిబ్బ లోపలి మడుగు వైపు నుంచి, తెల్ల బట్టల్లో, ఆ చిన్న బుట్టతో నడిచి వస్తుంది. ఆవిడ ఏనాడూ తొందరపడదు.